బుధవారం గది

“బుధవారం సాయంత్రం అయిదు తర్వాత నాకు మీటింగులు పెట్టకండి” అంటూ ఉంటాడు మా టీమ్‌లో ఒక సీనియర్. యాభై దాటిన తెల్లాయన. పిల్లల సాకర్ ప్రాక్టీసో, ఫిజియోథెరపీయో అనుకున్నాను చాలా రోజులు. ఒకరోజు లంచ్ దగ్గర అడిగేశాను.

“ధ్యానానికి వెళ్తాను. ఓక్లాండ్ వైపు. తెల్లవాళ్ళకి మాత్రమే ఉండే గ్రూపు” అన్నాడు.

నా పెరుగన్నం స్పూను మధ్యలోనే ఆగిపోయింది. అమెరికాలో ‘తెల్లవాళ్ళకి మాత్రమే’ అనే బోర్డు ఎక్కడుండేదో మనందరికీ తెలుసు. పాత ఫొటోల్లో నీళ్ళ కుళాయిల మీద, హోటళ్ళ గుమ్మాల మీద, రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూముల మీద. ఈయన ఆ బోర్డుని తీసుకెళ్ళి బుద్ధుడి గుమ్మానికి తగిలిస్తున్నాడేంటి?

నా మొహం చూసి ఆయన నవ్వేశాడు. “నువ్వనుకున్నది కాదు. జాతి వివక్ష మాలో ఎక్కడ దాక్కుందో వెతుక్కోవడానికి కూర్చుంటాం.”

“నల్లవాళ్ళు లేకుండా వివక్ష గురించి ఏం మాట్లాడుకుంటారు?”

“వాళ్ళుంటే మేం ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటాం, వాళ్ళు పాఠాలు చెప్పాలి. మాలో ఒకరు సిగ్గుతో ఏడిస్తే వాళ్ళే ఓదార్చాలి. రోజంతా బయట పడేది చాలక సాయంత్రం మాకు ట్యూషన్ కూడానా? మా ఇంట్లో చెత్త మేం ఊడ్చుకోవాలి కదా.”

ఆ చివరి మాట నాకు నచ్చింది. నచ్చింది కాబట్టే ఆ తర్వాత రెండు మూడు నెలలు లంచ్ టైములో ఆయన్ని వదల్లేదు. ఈ వారం ఆ కబుర్లే మీతో.

ముందు కొంచెం చరిత్ర. అమెరికాలో బౌద్ధం అనగానే మనకి యోగా మ్యాట్ చంకలో పెట్టుకున్న తెల్లమ్మాయి గుర్తొస్తుంది. కానీ ఆ దేశానికి బౌద్ధాన్ని మోసుకొచ్చింది చైనా, జపాన్ నుంచి వచ్చిన కూలీలు, వ్యాపారులు, వాళ్ళ వెనకే వచ్చిన పూజారులు. 1942లో జపాన్ సంతతి వాళ్ళని సుమారు 1,20,000 మందిని ఇళ్ళలోంచి లేపి ఎడారి క్యాంపుల్లో పెట్టినప్పుడు, వాళ్ళలో బౌద్ధులు ఎంతోమంది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన వెంటనే అరెస్టయిన వాళ్ళలో బౌద్ధ పూజారులు కూడా ఉన్నారు. అంటే ఆ రోజుల్లో అక్కడ బౌద్ధుడై ఉండటమే అనుమానించడానికి ఒక కారణం.

మరో పాతికేళ్ళు గడిచాక కథ మారింది. బోధ్‌గయలో, బర్మాలో, థాయ్‌లాండ్ అడవుల్లో ధ్యానం నేర్చుకున్న తెల్ల కుర్రాళ్ళు, అమ్మాయిలు తిరిగొచ్చి 1970ల్లో కేంద్రాలు పెట్టారు. మసాచుసెట్స్‌లోని బారీలో ఇన్‌సైట్ మెడిటేషన్ సొసైటీ అలా వచ్చిందే. జోసెఫ్ గోల్డ్‌స్టీన్, షారన్ సాల్జ్‌బర్గ్, జాక్ కార్న్‌ఫీల్డ్ దాన్ని మొదలుపెట్టారు. తర్వాత కాలిఫోర్నియాలో స్పిరిట్ రాక్ వచ్చింది. మంచి ఉద్దేశాలు, మంచి గురువులు. కానీ హాల్లోకి వెళ్ళి చూస్తే నూటికి తొంభై మంది తెల్లవాళ్ళే కనిపించేవారు. ఒక నల్లావిడ వస్తే, పక్కనున్నావిడ “నీకు ధ్యానమంటే ఆసక్తి ఎలా కలిగింది?” అని ప్రత్యేకంగా అడిగేది. అలా అడగటంలో తప్పేముందో ఆ అడిగినావిడకి తెలిసేది కాదు. నాకు ఇదంతా చెప్పింది మా సీనియరే. “మా హాల్లో అలా అడిగిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి” అన్నాడు.

ప్యూ రీసెర్చ్ సెంటర్ 2012లో ఇచ్చిన లెక్క ప్రకారం అమెరికా బౌద్ధుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆసియా సంతతి వాళ్ళు. మరి పత్రికల కవర్ల మీద కనిపించే అమెరికన్ బౌద్ధుడు ఎవరు? ఎక్కువగా తెల్లవాడే. అసలు తెచ్చినవాళ్ళు వెనక వరసలోకి వెళ్ళిపోయారు.

2007లో ఓక్లాండ్ డౌన్‌టౌన్‌లో ఈస్ట్ బే మెడిటేషన్ సెంటర్ తలుపులు తెరిచింది. తెల్లవాళ్ళు కానివాళ్ళు ప్రశాంతంగా, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా కూర్చోవడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక సంఘం ఏర్పడింది. ఫీజు లేదు, ఇచ్చుకున్నంత దానం. 2016లో ‘రాడికల్ ధర్మ’ అనే పుస్తకం వచ్చింది. రాసిన ఏంజెల్ క్యోడో విలియమ్స్, లామా రాడ్ ఓవెన్స్, జాస్మిన్ సైదుల్లా ముగ్గురూ నల్లజాతి వాళ్ళే. 2018లో రూత్ కింగ్ ‘మైండ్‌ఫుల్ ఆఫ్ రేస్’ రాసింది. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు తొమ్మిది నిమిషాలకు పైగా ఉండిపోయిన తర్వాత, ఈ పుస్తకాలు తెల్లవాళ్ళ ఇళ్ళలోకి కూడా వెళ్ళాయి. మా సీనియర్ ఆ ఏడాదే బుధవారం గదిలో చేరాడు.

ఇంతకీ ఆ గదిలో ఏం చేస్తారు?

చెప్తే చాలా సాదాగా ఉంటుంది. అరగంట కళ్ళు మూసుకుని కూర్చుంటారు. తర్వాత ఒకరు తన అనుభవం ఒకటి చెప్తారు. లిఫ్టులో నల్ల కుర్రాడు ఎక్కగానే చెయ్యి పర్సు మీదికి వెళ్ళడం లాంటివి. మిగతావాళ్ళు మధ్యలో అడ్డుపడకూడదు, సలహా ఇవ్వకూడదు, “ఛ, నువ్వు మంచిదానివే” అని సర్దిచెప్పకూడదు. అది విన్నప్పుడు తన ఒంట్లో ఏం జరిగిందో ప్రతివాళ్ళూ గమనించుకోవాలి. దవడ బిగిసిందా? పొట్టలో ఏదో కదిలిందా? ‘నేను అలాంటివాణ్ణి కాదు’ అన్న మాట నోటిదాకా వచ్చిందా?

“బుద్ధుడు సతి అన్నాడే, ఎరుక. అదే. పర్సు మీదికి చెయ్యి వెళ్ళడానికి అర సెకను ముందు మనసులో ఒకటి లేస్తుంది. ఇరవై ఏళ్ళు ధ్యానం చేసి శ్వాస కదలికలన్నీ చూశాను. ఇది మాత్రం చూడలేదు” అన్నాడు.

మా భాషలో చెప్పాలంటే ఇది డీబగ్గింగ్. ప్రోగ్రామ్ క్రాష్ అయితే బగ్ దొరకడం తేలిక. క్రాష్ అవకుండా ఎప్పుడూ ఒకరికే తప్పు జవాబు ఇచ్చే ప్రోగ్రామ్‌తోనే చిక్కు. సరైన జవాబు వచ్చేవాడు కంప్లయింట్ చెయ్యడు కదా.

ఇంకో రోజు పంచశీలలో రెండో శీలం గురించి చెప్పాడు. ఇవ్వనిది తీసుకోకూడదు. ఆ మాట ఆయన ఎన్ని వందల సార్లు పలికాడో. ఒక బుధవారం గ్రూపులో హోంవర్కు ఇచ్చారట, మీ కుటుంబానికి ఇల్లు ఎలా వచ్చిందో కనుక్కురండి అని. ఆయన తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చారు. 1944లో చేసిన జీఐ బిల్లు కింద సర్కారు హామీతో లోన్ వచ్చింది, ఇల్లు కొన్నారు. ఆ ఇల్లు అమ్మిన డబ్బుతో తండ్రి చదువు, తండ్రి కొన్న ఇంటితో ఈయన చదువు. అదే యుద్ధంలో పనిచేసిన నల్ల సైనికుల్లో ఎక్కువమందికి ఆ లోన్ అందలేదు. 1930ల నుంచే నల్లవాళ్ళ పేటల చుట్టూ మ్యాపుల్లో ఎర్ర రంగు వేసి, అక్కడ అప్పివ్వడం ప్రమాదం అని రాసిపెట్టారు. రెడ్‌లైనింగ్ అనేది అదే. చట్టం దాన్ని తప్పనడానికి 1968 దాకా పట్టింది.

“మా తాత దొంగ కాదు. కానీ ఆ క్యూలో పక్కవాణ్ణి నిలబడనివ్వలేదు కాబట్టి మా తాత వంతు త్వరగా వచ్చింది. మరి నేను పలుకుతున్న శీలం సంగతేంటి?” అన్నాడు.

ఇదంతా వింటూ నేను ఊరుకోలేదు. “సార్, ఇందులో నాకొక అనుమానం. బుద్ధుడు ఆత్మే లేదన్నాడు. నేనే లేనప్పుడు తెల్లవాడేంటి, నల్లవాడేంటి? ఇదంతా ఎందుకు?” అన్నాను.

ఆయన చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “మా హాల్లో మొదట అందరూ అనే మాట ఇదే! అంతా ఒక్కటే, రంగులు చూడకు, కోపం మంచిది కాదు, శ్వాస మీద ధ్యాస పెట్టు అంటారు. ఒక నల్లాయన తన కష్టం చెప్పబోతే ఇదే మాటతో నోరు మూయిస్తారు.” దీనికి ఇంగ్లీషులో ఒక పేరుందట. జాన్ వెల్‌వుడ్ అనే సైకాలజిస్టు 1980ల్లో పెట్టాడు. ఆధ్యాత్మికం పేరు చెప్పి అసలు పని తప్పించుకోవడం అని అర్థం.

తర్వాత ఆయన అన్న మాటకి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. “దీనికి మీ నాగార్జునుడు ఎప్పుడో జవాబు చెప్పాడు కదా. సత్యం రెండు రకాలు. పరమార్థ సత్యంలో ఏ గీతలూ లేవు. కానీ మనం బతికేది వ్యవహార సత్యంలో. ఇక్కడ గీతలున్నాయి, దెబ్బలు తగులుతున్నాయి. వ్యవహారాన్ని ఆసరా చేసుకోకుండా పరమార్థాన్ని చెప్పలేం అన్నాడాయన. మీ ప్రాంతంవాడే కదా, నువ్వు చదివే ఉంటావు.”

నేను చదవలేదండీ.

మాది పల్నాడు వైపు. ఆయన పేరుతో ఉన్న నాగార్జునకొండకి తొమ్మిదో తరగతిలో పిక్నిక్‌కి వెళ్ళాను. లాంచీ ఎక్కాం, పులిహోర తిన్నాం, మ్యూజియంలో రాళ్ళ ముందు గ్రూప్ ఫొటో దిగాం. ఆ రాళ్ళు ఏం చెప్తున్నాయో మాకెవరూ చెప్పలేదు, మేం అడగలేదు. అవతల ఓక్లాండ్‌లో ఒక తెల్లాయన మా కొండ పేరింటాయన్ని పట్టుకుని తన ఇల్లు శుభ్రం చేసుకుంటున్నాడు. మాకు ఆయన డ్యాము పేరు, సినిమా హీరో పేరు.

అయితే ఆయన్ని నేను దేవుణ్ణి చెయ్యట్లేదు. ఒకరోజు ముఖం మీదే అడిగాను. “ఇన్నేళ్ళు బుధవారాలు కూర్చున్నారు. దీనివల్ల ఒక నల్లాయనకి ఏం ఒరిగింది?”

చాలాసేపు మాట్లాడలేదు. “నువ్వనుకునేంత ఏమీ లేదు” అన్నాడు. “మాలో కొంతమందికి ఆ గదిలో ఏడవడమే అలవాటైపోయింది. ఏడ్చి తేలికపడి ఇంటికెళ్తారు. నేనూ కొన్నాళ్ళు అంతే. ఇంటర్వ్యూ ప్యానెల్లో ‘మన టీమ్‌కి సెట్ అవడేమో’ అని ఒకరంటే, సెట్ అవడం అంటే ఏంటి, విడమరిచి చెప్పండి అని అడగడం మొదలుపెట్టాను. అంతవరకే చెప్పగలను.”

నిజాయితీగా చెప్పాడు. నా అభిప్రాయం కూడా అదే. ఎరుక మొదటి మెట్టు. ఆ మెట్టు మీదే ఆసనం వేసుకుని కూర్చుంటే మేడ ఎక్కినట్టు కాదు. కానీ మొదటి మెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి కూడా నేను చూడలేదు.

అప్పుడు ఆయన అడిగాడు. మామూలుగానే, యాపిల్ కోసుకుంటూ. “మీ దగ్గర కులం ఉంది కదా. అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నది అందుకే కదా. పై కులాల వాళ్ళు ఇలా కూర్చునే గది మీ దగ్గర ఉందా?”

‘రెండింటికి స్టాండప్ ఉంది’ అని లేచొచ్చేశాను. స్టాండప్ నిజంగానే ఉంది. కానీ పావుగంట టైముంది.

అంబేడ్కర్ నాకు తెలీక కాదు. మా ఊరి సెంటర్లో వేలు చూపిస్తున్న విగ్రహం రోజూ చూసేవాణ్ణి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నాడని పోటీ పరీక్షల పుస్తకంలో చదివాను. 1913లో కొలంబియా యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చాడనీ, 1946లో నల్లజాతి మేధావి డు బోయ్స్‌కి ఉత్తరం రాశాడనీ ఇక్కడికొచ్చాక తెలుసుకున్నాను. ఇవన్నీ బిట్ ప్రశ్నలుగానే తెలుసు. ఆ వేలు నా వైపు చూపిస్తోందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఇంటిపేరు చెప్తే చాలు, కులం ఏదో తెలిసిపోయే ఇళ్ళలో మాదొకటి. మాకు కులం ఉందని మాకెప్పుడూ గుర్తుండదు. కులం అంటే వాళ్ళకుండేది, వాళ్ళ సర్టిఫికెట్లో ఉండేది.

బౌద్ధ గ్రంథాల్లో ఉపాలి కథ ఉంది. శాక్య రాకుమారులకి క్షవరం చేసేవాడు ఉపాలి. వాళ్ళంతా సన్యసించడానికి బుద్ధుడి దగ్గరికొచ్చినప్పుడు, ముందు ఉపాలికి దీక్ష ఇమ్మని రాకుమారులే కోరారు. ముందు దీక్ష తీసుకున్నవాడు పెద్ద. తర్వాత తీసుకున్నవాళ్ళు ఆయనకి వంగి నమస్కారం పెట్టాలి. మా శాక్య గర్వం అలాగైనా తగ్గుతుంది అన్నారట. ఈ కథలో నన్ను ఆపింది ఒకటుంది. గర్వం తగ్గించమని ఉపాలి అడగలేదు. గర్వం ఉన్నవాళ్ళే అడిగారు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను.

నాలుగేళ్ళ కిందట ఫ్రీమాంట్‌లో నలుగురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ముగ్గురం కోస్తా జిల్లాల వాళ్ళం, నాలుగో అతను కొత్తగా వచ్చాడు. రెండో ఆదివారం, బిర్యానీ ముందు కూర్చుని ఉండగా మాలో ఒకడు అడిగాడు. “బ్రదర్, ఎంసెట్‌లో నీ ర్యాంకెంత?”

మన వాళ్ళకి తెలుసు ఆ ప్రశ్నకి అర్థం. చదువైపోయి, ఉద్యోగమొచ్చి, సముద్రాలు దాటి వచ్చిన మనిషిని ఎంసెట్ ర్యాంకు ఎందుకు అడుగుతారు? అతను చెప్పాడు. “ఆ ర్యాంకుకి ఆ కాలేజీలో సీటొచ్చిందా! లక్కీ బ్రదర్ నువ్వు” అన్నాడు మావాడు. ఇంకొకడు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత గొడవలేమీ జరగలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మేం ముగ్గురం ఒకర్నొకరం ‘బావా’ అని పిలుచుకునేవాళ్ళం, అతను మాత్రం ‘బ్రదర్’. తెలిసినవాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి ముగ్గురమే వెళ్ళాం. ఒకరోజు “అమ్మ పంపిన ఆవకాయ కదా బావా, లోపల పెట్టుకో” అన్నాడొకడు. కిచెన్ షెల్ఫ్ మీదున్న జాడీ తీసుకెళ్ళి నా రూములో పెట్టుకున్నాను. ఎందుకని వాణ్ణి అడగలేదు, నన్ను నేను అడుగుకోలేదు. మూడో నెలలో అతను ఆఫీసుకి దూరమవుతోందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆఫీసు ఎనిమిది మైళ్ళు.

2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఒక పెద్ద టెక్ కంపెనీ మీద కుల వివక్ష కేసు వేసినప్పుడు, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించినప్పుడు, మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే మాట. అమెరికాలో కులం ఎక్కడుంది, మనల్ని బద్నాం చేస్తున్నారు అని. అదే ఏడాది అక్టోబర్లో కాలిఫోర్నియా బిల్లుని గవర్నర్ వీటో చేస్తే మావాళ్ళు పండగ చేసుకున్నారు. నేనూ బొటనవేలు ఎమోజీ పెట్టాను. జాడీ అప్పటికీ నా రూములోనే ఉంది.

లంచ్ టేబుల్ ప్రశ్న తర్వాత మూడు వారాలు ఆలోచించి అతనికి ఫోన్ చేశాను. ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నాడు.

“ఏంటి బ్రదర్, చాన్నాళ్ళకి!” అన్నాడు మామూలుగానే.

ర్యాంకు సంగతి, జాడీ సంగతి చెప్పాను. కొంచెంసేపు ఏమీ వినిపించలేదు.

“నాకు తెలుసు. తెల్లారి టీ పెట్టుకుందామని వెళ్తే షెల్ఫ్ మీద గుండ్రంగా నూనె మరకొక్కటే ఉంది. తుడిచింది కూడా నేనే” అన్నాడు.

“సారీ” అన్నాను.

“సారీ సరే. ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు. ఇప్పుడు నేను ‘పర్లేదులే’ అనాలా? అంటే నీకు నిద్ర పడుతుంది. మరి నాకు?”

నా దగ్గర జవాబు లేదు. అతనే మళ్ళీ అన్నాడు. “ఇది నాతో చెప్పాల్సింది కాదు బ్రదర్. ఆ ఇద్దరికీ చెప్పు. రేపు ఇంకో ఫ్లాట్‌లో ఇంకొకణ్ణి వాళ్ళు ర్యాంకు అడుగుతారు. నేను చెప్తే వినరు. నువ్వు చెప్తే వింటారేమో. మీరు మీరు బావలు కదా.”

మా సీనియర్‌కి అర్థమవడానికి ఇరవై ఏళ్ళ ధ్యానం, ఆ పైన బుధవారాలు పట్టిన మాట ఇదే. మన చెత్త మనమే ఊడ్చుకోవాలి.

పోయిన శనివారం ఆ ఇద్దరినీ భోజనానికి పిలిచాను. ఒకడు మాట వినగానే “ఏమైంది బావా నీకు, ఎవరైనా ఏమన్నా ఎక్కించారా?” అని, అన్నం సగంలో లేచి వెళ్ళిపోయాడు. రెండోవాడు, ర్యాంకు అడిగినవాడు, రాత్రి పదకొండు దాకా కూర్చున్నాడు. ఎక్కువేమీ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం “మా ఆఫీసులో కొత్త కుర్రాడు జాయినయ్యాడు. మొన్న అతన్ని కూడా అడిగాను” అన్నాడు.

మాది గది కాదు. ఇద్దరు మనుషులు, ఒక డైనింగ్ టేబుల్. వచ్చే శనివారం కూడా వస్తానన్నాడు. మొదటివాడికి మళ్ళీ ఫోన్ చేస్తాను.

మీ హాస్టల్లో, మీ ఫ్లాట్‌లో, మీ ఆఫీసులో ఆ ర్యాంకు ప్రశ్న ఎవరో ఒకరు అడిగే ఉంటారు. సమాధానం చెప్పుకోవాల్సి వచ్చినవాడికి ఫోన్ చేసి మీ మనసు తేలిక చేసుకోవడం తర్వాత. ముందు అడిగినవాడికి చేయండి. అడిగింది మీరే అయితే ఫోన్ ఖర్చు కూడా లేదు.